ఇంట నిర్మించుకొనదగిన డి.సి. సరఫరా పెట్టె

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ట్రాన్సిస్టరు రేడియో ఇంటింట వెలసిన దినములలో దానివెంట మరియొక చిన్న పెట్టెయు గృహప్రవేశము చేసినది. బజారున దానిని ‘బ్యాటరీ ఎలిమినేటరు’ అనిరి. పేరునకు తగినట్లే అది బ్యాటరీల ఖర్చును తప్పించినది. గోడ ప్లగ్గులో గ్రుచ్చినంతనే రేడియో పలికెడిది. నేడు ఆ రేడియో స్థానమున పిల్లల బొమ్మలు, కళాశాల విద్యార్థుల ప్రయోగ ఫలకములు, ఎల్.ఇ.డి. దీపమాలలు వచ్చినవి. ఎలిమినేటరు మాత్రము అనేక గృహములలో సొరుగున పడియుండనే యున్నది. దానిపై ‘6 వోల్టులు’ అని వ్రాసియుండును. ఏ వస్తువును తగిలింపక మునుపు మీటరుతో కొలిచి చూచినచో అది 9 వోల్టులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చూపును. వ్రాసినది అబద్ధము కాదు; పూర్తి భారము పడినప్పటి మాట అది. కాని 5 వోల్టులకు మాత్రమే ఓర్చు చిప్పు ఒకటి దానికి బలియైన పిమ్మట ఈ వివరణము వలన ఒనగూడు లాభ మేమియు లేదు.

ప్రయోగములకు బల్లమీద ఉంచుకొను సరఫరా పెట్టె ఇట్టిది కారాదు. కోరిన వోల్టేజిని మీట త్రిప్పి తెచ్చుకొనగలుగవలెను. భారము హెచ్చినను తగ్గినను, వీధి సరఫరా 230 వోల్టుల నుండి 210 వోల్టులకు దిగినను, తెచ్చుకొన్న వోల్టేజి చలింపక నిలువవలెను. అన్నిటికంటె ముఖ్యమైనదియు, తరచుగా మరవబడునదియు మరియొకటి కలదు: పొరపాటున రెండు తీగలు కలిసినచో పెట్టెయు, పెట్టెకు తగిలించిన వస్తువును, దానిని త్రిప్పుచున్న మనుష్యుడును క్షేమముగా ఉండవలెను.

ఇట్టి పెట్టెలు సిద్ధముగా దొరకవా యన్న ప్రశ్న సహజము. దొరకును. ఢిల్లీలో లజపతిరాయ్ మార్కెట్టు, హైదరాబాదున కోఠి గుజరాతీ గల్లీ, చెన్నపట్టణమున రిచ్చీ వీధి, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు, బెంగుళూరున ఎస్.పి. రోడ్డు ఈ వస్తువులకు ప్రసిద్ధములు. బదిలీలమీద దేశమంతయు తిరుగు కేంద్రోద్యోగుల కుటుంబములకు ఈ అయిదింటిలో ఏదో ఒకటి పరిచితమయ్యే యుండును. వాడుకయే ముఖ్యమైనవారు అచట కొని తెచ్చుకొనుటయే మేలు; ఇంట కట్టినది చౌక యగునన్న భ్రమ అక్కరలేదు. అయితే ఇంజనీరింగు చదువు కుమారునకో కుమార్తెకో, కాగితముమీద కట్టిన లెక్క చేతిలో వేడెక్కునో లేదో చూపుటకు ఇంతకు మించిన పాఠశాల లేదు. ఓము సూత్రము మొదలు ఉష్ణప్రసారము వరకు ఒక్క డబ్బాలో ఇమిడి యున్నవి.

పెట్టెకు ప్రాణము నియామకము, అనగా రెగ్యులేటరు. చెఱువులో నీటిమట్టము ఏ రీతిగా మారుచున్నను, తూమువద్ద నిలిచిన నీరుగంటివాడు తలుపును ఎత్తుచు దించుచు కాలువలో నీటిని ఒక్క మట్టముననే పారించును. రెగ్యులేటరు చేయు పనియు అదియే, క్షణమునకు వేలసార్లు. మూడు కాళ్ళు మాత్రమే గల ఎల్.ఎం. 317 అను చిప్పు ఈ పనికి ఎంతయు తగినది. 1976లో అమెరికాలోని నేషనల్ సెమికండక్టరు సంస్థలో రాబర్టు డాబ్కిన్ దీనిని రూపొందించెను. ఎలక్ట్రానిక్సు లోకమున పదేండ్లు బ్రదికిన వస్తువే వృద్ధునిగా లెక్కింపబడుచుండగా, ఇది అర్ధ శతాబ్దము గడచినను అంగళ్ళలో విరివిగా అమ్ముడగుచున్నది. దాని ధర్మము మిక్కిలి సరళము. వోల్టేజి వెలువడు కాలికిని, సవరించు కాలికిని నడుమ అది ఎల్లప్పుడును 1.25 వోల్టుల అంతరమును నిలుపును. తక్కినదంతయు రెండు రెసిస్టరుల పని.

నిర్మాణమును వెనుకనుండి ముందునకు ఆలోచింపవలెను. సామాన్యముగ జరుగునది దీనికి విరుద్ధము. ఇంట ఏ ట్రాన్స్‌ఫార్మరు పడియున్నదో దానితో మొదలిడి, చివరకు ఏ వోల్టేజి లభించిన దానితో తృప్తిపడుదురు. అట్లు గాక మొదట కావలసినదేదో నిశ్చయించుకొనవలెను. 3.3, 5, 9, 12 వోల్టులు నిత్యము వాడుకలో నున్నవి గనుక 1.25 మొదలు 15 వోల్టుల వరకు, 1 ఆంపియరు ప్రవాహము చాలునని యనుకొందురు గాక.

రెగ్యులేటరు సవ్యముగ పనిచేయుటకు దాని ముందరి వోల్టేజి వెనుకటిదానికంటె ఎల్లవేళల 3 వోల్టులు హెచ్చుగా ఉండవలెను. 15కు 3 కలుపగా 18. ఇది తేలిక. చిక్కు ‘ఎల్లవేళల’ అను మాటలో ఉన్నది. నాలుగు డయోడుల వంతెన గుండా వచ్చు విద్యుత్తు నిండు ప్రవాహము కాదు; సెకనుకు 100 సారులు పొంగి, 100 సారులు శూన్యమునకు దిగుచుండును. పొంగునకు పొంగునకు నడుమ భారమును మోయునది కండెన్సరు. దానిని పుస్తకములు కెపాసిటరనినను బజారు కండెన్సరనియే యెరుగును. 4700 మైక్రోఫారడ్ల కండెన్సరు పెట్టినచో, 1 ఆంపియరు తీయునపుడు సెకనులో నూరవ వంతు కాలమున దాని వోల్టేజి ఇంచుమించు 2.1 వోల్టులు పడిపోవును. కావున పొంగు శిఖరము 20.1 ఉండవలెను. వంతెనలో ఒకేసారి రెండు డయోడులు దాటవలెను గనుక వానికి 2 వోల్టులు, మొత్తము 22.1. వీధి సరఫరా పదవ వంతు తగ్గిన దినమునను పెట్టె తడబడకుండుటకు 22.1ని 0.9తో భాగింపగా 24.6 వచ్చును. ఇది శిఖరము. ట్రాన్స్‌ఫార్మరు మీద వ్రాయు వోల్టేజి శిఖరము కాదు గనుక 1.414తో భాగింపగా 17.4. అంగడిలో దొరకు 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు సరిపోవును.

ఎన్ని ఆంపియరులది? 1 ఆంపియరు కావలసిన చోట 1 ఆంపియరుదే తెచ్చుట పలువురు చేయు పని. కండెన్సరు విద్యుత్తును నిలకడగా త్రాగదు. ప్రతి పొంగు శిఖరమున ఒక్క గ్రుక్కలో త్రాగును. ఆ గ్రుక్కల మూలమున ట్రాన్స్‌ఫార్మరు చుట్లలో వేడి పుట్టించు ప్రవాహము బయటికి వచ్చు ప్రవాహమునకు ఇంచుమించు 1.8 రెట్లుండును. అందుచేత 2 ఆంపియరులది తేవలెను. కండెన్సరు విషయమునను ఇట్టి జాగ్రత్తయే యుండవలెను. భారము లేనపుడు ట్రాన్స్‌ఫార్మరు తన పేరుకంటె హెచ్చు వోల్టేజి నిచ్చును. సరఫరాయు పదవ వంతు హెచ్చినచో కండెన్సరుపై 31 వోల్టుల వరకు పడవచ్చును. 35 వోల్టుల కండెన్సరు అంచుమీద నిలిచినట్లగును. 50 వోల్టులది వాడుటయే క్షేమము.

ఇంతవరకు సాధారణముగ అందరును వచ్చి చేరుదురు. పెట్టెలు చెడునది ఇచటి నుండియే. 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు గల పెట్టెను 5 వోల్టులకు త్రిప్పి, 1 ఆంపియరు తీసినపుడేమగును? కండెన్సరుపై సగటున 22.5 వోల్టులుండును. అందులో 5 బయటికి పోగా తక్కిన 17.5 వోల్టులు రెగ్యులేటరులోనే దిగవలెను. చెఱువు నీరుగంటివానికి తలుపు దించినచో నీరు మిగులును. ఈ నీరుగంటివానికి అట్టి భాగ్యము లేదు. మిగిలినదంతయు వేడియై తన యొంటినే కాల్చును. 17.5 వాట్లు! చిన్న సోల్డరింగు ఐరనుతో సమానమైన వేడి గోటియంత చిప్పులో పుట్టుచున్నదన్న మాట.

ఈ వేడికిని ఒక లెక్క కలదు. అది ఓము సూత్రమువలెనే నడచును. చిప్పు లోపలి భాగము 125 డిగ్రీల సెంటిగ్రేడు దాటరాదు. ఢిల్లీలోనో, విజయవాడలోనో మే మాసపు మధ్యాహ్నమున గదిలోని గాలి 45 డిగ్రీలున్నదనుకొన్నచో, మిగిలిన అవకాశము 80 డిగ్రీలు మాత్రమే. చిప్పు లోపలినుండి దాని లోహపు వీపువరకు వాటుకు సుమారు 4 డిగ్రీల చొప్పున ఉష్ణము పెరుగును. నడుమ పెట్టు అభ్రకపు బిళ్ళకును, తెల్లని లేపనమునకును అర డిగ్రీ. వెనుక బిగించు అల్యూమినియము రెక్కల హీట్‌సింకు పెద్దదైనచో 2 డిగ్రీలు. మొత్తము 6.5. ఎనుబదిని దీనిచే భాగింపగా 12.3 వాట్లు వచ్చును. అంతకు మించి ఈ చిప్పు వేసవిలో మోయలేదు. 17.5 వాట్లు మోపినచో లోపల 159 డిగ్రీలు కావలసివచ్చును. చిప్పు కాలిపోదు, దానికి స్వరక్షణోపాయము కలదు గనుక తనంతట తానే ప్రవాహమును తగ్గించివేయును. వోల్టేజి కూలును. బల్ల వద్ద కూర్చున్న విద్యార్థి తన ఫలకములోనే దోషమున్నదని భ్రమించి, చెడని దానిని రాత్రియంతయు వెదకును. పరీక్షల కాలమున ఇది చిన్న నష్టము కాదు.

దీనికి విరుగుడు పెద్ద హీట్‌సింకు కాదు, ట్రాన్స్‌ఫార్మరునకు నడుమ ఒక తీగ. చుట్టి యిచ్చువారిని అడిగినచో 0–12–18 అని మూడు తీగలు తీసి యిత్తురు. ముందుపలకపై ఒక స్విచ్చి పెట్టి, 8 వోల్టుల వరకు 12 తీగను, ఆపైన 18 తీగను వాడవలెను. 12 తీగపై కండెన్సరు వోల్టేజి సగటున 14 ఉండును. 5 వోల్టుల వద్ద చిప్పు మోయునది 9 వాట్లు. లోపలి వేడి 104 డిగ్రీలకు లోపల. పెట్టె తృప్తిగా పనిచేయును. పై మెట్టున 8 మొదలు 12 వోల్టుల వరకు మాత్రము అర ఆంపియరునకు మించి తీయరాదని పలకపైననే వ్రాసియుంచుట యుక్తము. ఈ నియమము కొందరికి వెలితిగా తోచవచ్చును. కాని తన హద్దును తానే చెప్పుకొను పెట్టె, అన్నియు చేయుదునని చెప్పి నడివేసవిలో చేతులెత్తుదానికంటె నమ్మదగినది. స్విచ్చింగు పద్ధతిలో పనిచేయు నవీన సరఫరాలకు ఈ వేడి బాధ ఇంతగా లేదు. వానికి బదులుగా రేడియో పక్కన పెట్టినచో వినవచ్చు రొద కలదు. శబ్ద సంబంధమైన ప్రయోగములకు నేటికిని ఈ పాత పద్ధతియే హాయి.

సవరించు రెసిస్టరుల లెక్క ముచ్చటైనది. వోల్టేజి వెలువడు కాలికిని సవరించు కాలికిని నడుమ 120 ఓములు పెట్టినచో అందు 10.4 మిల్లీ ఆంపియరులు పారును. చిప్పు నిలకడగా నుండుటకు కావలసిన కనీస భారము 10 మిల్లీ ఆంపియరులు. ఈ రెసిస్టరుతోనే ఆ ఋణము తీరును. పుస్తకములలో తరచుగా కానవచ్చు 240 ఓములు పెట్టి, భారము లేనపుడు వోల్టేజి పైకి ప్రాకుచున్నదని విచారించువారు ఈ విషయమును గమనింపవలెను. 15 వోల్టులు రావలెనన్నచో రెండవ రెసిస్టరు 120కి 11 రెట్లు, అనగా 1320 ఓములు కావలెను. ఆ విలువ గల వాల్యూం కంట్రోలు బజారున దొరకదు. 2.2 కిలో ఓములది తెచ్చి దానికి సమాంతరముగ 3.3 కిలో ఓముల రెసిస్టరును కలిపినచో సరిగా 1320 వచ్చును. సమాంతర రెసిస్టరు లేక 2.2 కిలో ఓములది ఒంటరిగ వాడినచో మీట చివరి భాగమున 24 వోల్టులు కోరినట్లగును. ట్రాన్స్‌ఫార్మరు అంత ఈయజాలదు. అచట వచ్చునది నియామకము తప్పిన వోల్టేజి.

వాల్యూం కంట్రోలు లోపల జారుచుండు స్పర్శ ఏండ్లు గడచిన కొలది అరుగును. క్షణకాలము అది ఎడబాసినను, మూడవ కాలు గాలిలో వదలియున్నచో వోల్టేజి ఒక్క పెట్టున 20 వోల్టులను దాటును. ఆ మూడవ కాలిని నడిమి కాలితో కలిపి టంకము పెట్టినచో, స్పర్శ విడినను నిండు విలువయే మిగులును. 15 వోల్టులకు మించదు. అంగుళము తీగతో తీరు ఈ రక్షణము లేని పెట్టెలు ఎన్నియో కలవు.

తక్కిన చిల్లర భాగములను గూర్చి హెచ్చుగా చెప్పవలసినది లేదు. చిప్పు ముందర 0.1, వెనుక 1, సవరించు కాలివద్ద 10 మైక్రోఫారడ్ల కండెన్సరులు. ఈ కండెన్సరులు వెనుకకు తిరిగి చిప్పులోనికి విద్యుత్తును త్రోయకుండ రెండు 1ఎన్ 4007 డయోడులు. 120 ఓముల రెసిస్టరును చిప్పు కాలివద్దనే అతికింపవలెను. దూరపు తీగ చివర అతికించినచో ఆ తీగలో నష్టమగు వోల్టేజి పదిరెట్లుగా బయట కానవచ్చును. బయటి టెర్మినలుల వద్ద పెద్ద కండెన్సరు పెట్టినచో మంచిదను నమ్మకమొకటి ప్రచారములో నున్నది. అది తగదు. 1000 మైక్రోఫారడ్ల కండెన్సరు 15 వోల్టులతో నిండియున్నపుడు, ముందర ఎంతటి అదుపు ఉన్నను, చిన్న ట్రాన్సిస్టరును చంపుటకు చాలిన శక్తి దానియందే దాగియుండును.

ఆ అదుపు మాటయు చెప్పవలెను. రెండవ ఎల్.ఎం. 317ను మొదటిదాని ముందర పెట్టి, దాని వెలువడు కాలికిని సవరించు కాలికిని నడుమ 12 ఓముల రెసిస్టరును మాత్రముంచి, సవరించు కాలినుండి ప్రవాహమును ముందుకు పంపినచో, అది 104 మిల్లీ ఆంపియరులకు మించి పోనీయదు. క్రొత్తగా కట్టిన ఫలకమును మొదట ఈ అదుపుతో వెలిగించి చూచి, దోషము లేదని తేలిన పిదప స్విచ్చితో అదుపును తప్పింపవచ్చును. దీనివలన మూడు వోల్టులకు పైగా నష్టమగును గదా, 15 వోల్టులు వచ్చునా యన్న సందేహము కలుగవచ్చును. వచ్చును. ప్రవాహము పదవ వంతైనపుడు కండెన్సరు వోల్టేజి దిగుడు 2.1 నుండి 0.2కు తగ్గును, అచట మిగిలినది ఇచట ఖర్చగును.

ఇక ప్రాణరక్షణము. ఈ పెట్టెలో 15 వోల్టుల వైపు ఎవరికిని హాని చేయదు. 230 వోల్టుల వైపు క్షమింపదు. కావున పాఠశాల పిల్లలు చేయదలచినచో ట్రాన్స్‌ఫార్మరు జోలికి పోనీయక, భారత ప్రమాణాల సంస్థ గుర్తు గల 19 వోల్టుల లాప్‌టాపు అడాప్టరును వాడింపవలెను. ట్రాన్స్‌ఫార్మరు, వంతెన, పెద్ద కండెన్సరు మూడును తప్పిపోవును. 5 వోల్టుల వద్ద ముప్పాతిక ఆంపియరుతో తృప్తిపడినచో చాలును. పెద్దలు ట్రాన్స్‌ఫార్మరుతోనే కట్టుదురేని, ఇనుప డబ్బాను మూడు కాళ్ళ ప్లగ్గులోని ఎర్తు తీగతో మరయు బోల్టుతో బిగించి తీరవలెను. పాత కట్టడములలో ఫేజు తీగయు న్యూట్రలు తీగయు తారుమారై యుండుట అరుదు కాదు గనుక రెండింటిని ఒకేసారి తెంచు స్విచ్చి కావలెను. ఫ్యూజు 250 మిల్లీ ఆంపియరులది, నిదానముగ కాలు జాతిది. ఫ్యూజు పోయినపుడు రాగి పోగు చుట్టు అలవాటును ఈ పెట్టెకు అంటనీయరాదు. పెద్ద కండెన్సరునకు అడ్డముగ 2.2 కిలో ఓముల, 1 వాటు రెసిస్టరు ఉన్నచో, ప్లగ్గు తీసిన అర నిమిషమునకు లోపల చేయి పెట్టవచ్చును.

మొదటిసారి వెలిగించునపుడు పాత రేడియో మెకానిక్కుల ఆచారమే శ్రేష్ఠము. పెట్టెకు వరుసలో 60 వాట్ల తంతువు బల్బు ఒకటి కలుపుదురు. లోపల ఎచటనైన తీగలు కలిసియున్నచో బల్బు నిండుగ వెలుగును, పెట్టె దక్కును. అంతయు సవ్యముగ నున్నచో బల్బు ఒక్కసారి మెరసి మసకబారును. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి చెల్లదు. పిమ్మట బల్బును తొలగించి, పెట్టెను 12 వోల్టులకు త్రిప్పి, 10 వాట్ల మోటారుకారు బల్బును భారముగ పెట్టవలెను. అది ఇంచుమించు 0.83 ఆంపియరులు త్రాగును. బల్బు పెట్టకముందును పెట్టిన పిదపను వోల్టేజిలో కలుగు భేదము వోల్టులో పదవ వంతునకు లోపల ఉండవలెను. అంతకు మించినచో 120 ఓముల రెసిస్టరు ఎచట అతికింపబడినదో మరల చూడవలెను. అరగంట అట్లే యుంచి హీట్‌సింకును తాకినచో వేసవిలో చేయి రెండు క్షణములకంటె నిలువదు. అది దోషము కాదు. 63 డిగ్రీలు లెక్కలో ఉన్నవే. అంతయు కుదిరిన పిదప మంచి మీటరు సాయమున 3.3, 5, 9, 12 అంకెలను మీట చుట్టును గుర్తించి, 12కు లోపల అర ఆంపియరు అన్న మాటను ఎఱ్ఱ సిరాతో వ్రాసికొనవచ్చును.